అగ్గిపెట్టెల్లో పచ్చపురుగులు

మైదాపిండిని నీళ్లలో కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూ, చిటికెడు మైలుతుత్తం వేస్తే గంజి లేత నీలి రంగుకు తిరుగుతుంది. దాని వాసన కొంచెం తియ్యగా ఉంటుంది, కొంచెం గొంతు పట్టేస్తుంది. పోయిన నెల అచ్చంపేట బస్టాండులో గోడకు పోస్టర్లు అంటిస్తున్న ఒకాయన బకెట్లోంచి ఆ వాసన వచ్చింది. నేను అప్పుడే జయరాజు సారు ఇంటి నుంచి వస్తున్నాను. నాకు పదో తరగతిలో సైన్సు చెప్పిన సారు. ఆయన పోయి అప్పటికి పదకొండు రోజులు. బతికుండగా ఆ గడప తొక్కడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆయన పోయాక పరామర్శకు మాత్రం బస్సెక్కి వెళ్లాను. ఆ వాసనకు బెంచీ మీద కూర్చుండిపోయాను. నాగర్‌కర్నూల్ బస్సు వచ్చి, మనుషుల్ని ఎక్కించుకుని, నన్ను వదిలేసి పోయింది.

తెలకపల్లికి మూడు మైళ్ల దూరంలో మా ఊరు. ఊళ్లో మా క్రైస్తవ సంఘం చిన్నది, నలభై గడపలు. మా నాయన సంఘపెద్ద. ఆరెకరాల నల్లరేగడిలో పత్తి పెట్టేవాడు. పొద్దున నాలుగింటికి లేచి మోకాళ్ల మీద ప్రార్థన చేసి, వాక్యం చదివి, ఆ తర్వాతే చెప్పులు తొడుక్కునేవాడు. మాకు అన్నం కన్నా ముందు వాక్యం. ఒక వచనం అప్పజెప్పనిదే కంచం ముందుకు వచ్చేది కాదు. ఆ క్రమశిక్షణ మీద నాకు ఇవాళ్టికీ ఫిర్యాదు లేదు. ముప్పై ఏళ్లుగా స్త్రీల కూడికలో నేను వాక్యం చెబుతున్నానంటే అది ఆ ఆకలి పొద్దుల పుణ్యమే.

ఆ రోజుల్లో మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉండేది. జూన్‌లో బడి తెరిచాక వచ్చే మొదటి ఆదివారం, పదో తరగతి పిల్లలంతా జీవశాస్త్రం పుస్తకాలు గుడికి తెచ్చేవాళ్లు. ఆరాధన అయ్యాక పెద్దలు వరండాలో చాప పరచుకుని కూర్చుని, జీవపరిణామం పాఠం ఉన్న పేజీలను గంజి రాసి ఒకదానికొకటి అతికించేవాళ్లు. చింపకూడదు, సర్కారు పుస్తకం చింపితే తప్పు. అతికిస్తే పుస్తకమూ ఉంటుంది, పాపమూ లోపలే ఉంటుంది. దీన్ని మేము 'అతికింపు' అనేవాళ్లం. గంజి మా ఇంటి నుంచే వెళ్లేది. చెదలూ పురుగులూ ముట్టకుండా అమ్మ అందులో మైలుతుత్తం కలిపేది. నా వంతు వచ్చిన ఏడు గంజి నేనే కాచాను, ఎందుకంటే అప్పటికే అమ్మ చేతులు వణకడం మొదలైంది. నాయన పత్తికి మందు కొడుతుంటే ఏళ్ల తరబడి డ్రమ్ములో చెయ్యి పెట్టి కలిపి, పంపు నింపి అందించింది ఆమే. గరిటె పట్టుకుంటే గిన్నె అంచు టకటక కొట్టుకునేది. "ఏం లేదు బిడ్డా, జర నీరసం" అనేది. చచ్చిపోయేదాకా ఆ నీరసం పోలేదు.

జయరాజు సారు మా సంఘం మనిషే. వనపర్తిలో చదువుకుని వచ్చాడు. మంచి గొంతు, క్రిస్మస్ పాటలన్నీ ఆయనే నేర్పేవాడు. అతికించిన పుస్తకాలు చూసి సారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అతుక్కుని అట్టలా గట్టిపడ్డ పేజీలను వేలితో ఒకసారి తట్టి, "బాగనే అంటుకుంది. ఎవరు కాసిండ్రు గంజి?" అన్నాడు. నేను చెయ్యెత్తాను. "ఉండలు కట్టలే. మంచి చెయ్యి నీది" అని నవ్వి, ఆ పాఠం మొత్తం బోర్డు మీద చెప్పాడు.

సారు బోర్డుతో ఆగే మనిషి కాదు. జులైలో వార్షికోత్సవానికి గుడిలో మేకను కోసి భోజనాలు పెట్టారు. తినడం అయ్యాక సారు ఒక ముందరికాలి ఎముకలు కడిగి విస్తరాకు మీద వరసగా పేర్చి మా పిల్లలను పిలిచాడు. పైన ఒకటి, కింద జతగా అంటుకున్న రెండు, ఆ కింద గులకరాళ్లలాంటి చిన్నవి, చివర వేళ్లు. ఆ పక్కన తన చెయ్యి చాపి పెట్టాడు. "చూడుండ్రి. ఇది నడిచే కాలు, ఇది రాసే చెయ్యి. పని వేరు, కట్టడం ఒకటే. గబ్బిలం రెక్క విప్పి చూసినా గిదే ఉంటది. ఒక్క తాత ఇంట్ల పుట్టినోళ్లకే గిట్లాంటి పోలిక ఉంటది" అన్నాడు.

నాయన చెయ్యి కడుక్కుంటూ విన్నాడు. "తాతేంది సారూ? మేస్త్రి ఒక్కడైతే ఇండ్లన్నీ ఒక్క తీరుగనే ఉంటయి."

"మేస్త్రి ఒక్కడే పెద్దయ్యా. నేను కాదంటలేను. ఎట్ల కట్టిండో చూస్తున్న, అంతే."

"గది మనం చూసేది కాదు. గాయన చెప్తే వినేది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సారూ నవ్వాడు. అప్పటికి అది నవ్వుకునే మాటే.

ఆ వానాకాలం పత్తి ఏపుగా వచ్చింది. గూడ పట్టింది, మొగ్గ విచ్చి కాయ కట్టింది, ఆ వెంటనే పచ్చపురుగు పడింది. కాయకు తల పెట్టి తొలుచుకుంటూ లోపలికి పోయే పురుగు. నాయన ఎప్పుడూ కొట్టే మందే కొట్టాడు. వారం తిరిగేసరికి పురుగు అట్లాగే ఉంది. మోతాదు పెంచి కొట్టాడు. రెండు మందులు కలిపి కొట్టాడు. పొద్దునపూట చేలోకి వెళితే, మందు వాసనకు మాకు కళ్లు మండేవిగానీ పురుగులు మాత్రం ఆకు మీద తీరిగ్గా పాకుతుండేవి. తమ్ముడు ఏలియా చిన్నవాడు. వాటిని పుల్లతో తీసి డబ్బాలో వేస్తూ, "నాయనా, ఇవి మందు తాగి బలుస్తున్నయి" అని నాయన చేతిలో దెబ్బ తిన్నాడు.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ నాయన లేచి నిలబడ్డాడు. "దేవుడు నాకు బయలుపరిచిండు. మందుల నీళ్లున్నయి. ఆ దుకాణపాయన మనల్ని మోసం చేసిండు" అన్నాడు. ఆమెన్ అంటూ సంఘం లేచింది. మర్నాడు ఇరవైమంది నాగర్‌కర్నూల్ వెళ్లి మందుల దుకాణం ముందు కూర్చున్నారు. దుకాణదారు అందరి ముందూ కొత్త డబ్బా సీలు తీసి, వాసన చూపించి, తన బిడ్డ మీద ఒట్టు పెట్టాడు. ఎవరూ వినలేదు. నాయనకు దేవుడు చెప్పాడు కదా.

సారు మాత్రం సాయంత్రం మా చేను గట్టు మీదికి వచ్చి కూర్చున్నాడు. "మందు కల్తీ కాదేమో పెద్దయ్యా. పురుగే మారింది."

"పురుగు మారుడేంది? ఏ జాతికి ఆ జాతిగ పుట్టింది, గట్లనే ఉంటది. మందు తాగి తాగి దానికి అలవాటైందంటవా? కల్లు తాగినట్ల?"

"అలవాటు కాదు. తాగిన పురుగు చచ్చిపోయింది, దాని కథ అయిపోయింది. కానీ పురుగులన్నీ ఒక్క తీరు ఉండయి. వేయిల ఒకటి పుట్టుకతోనే గట్టిది ఉంటది. మందు దానికి ఏం నేర్పలే, ఊరికె మిగిల్చింది. పిల్లలు పెట్టేది మిగిలిందే కద. ఆ పిల్లలకు తల్లి గట్టితనం వస్తది. మీరు మళ్ల అదే మందు కొడ్తరు, మళ్ల గట్టియే మిగుల్తయి. జల్లెడ పట్టినట్లు పడుతున్నరు పెద్దయ్యా. ఏండ్ల సంది గట్టి పురుగును మనమే ఏరి ఏరి పెంచినం."

నాయన ఒక కాయ తెంపి, పురుగు తొలిచిన బెజ్జంలోకి చూశాడు. "ఇప్పుడేం చెయ్యమంటవు?"

"అదే మందు మళ్ల మళ్ల కొట్టకుండ్రి. చుట్టూ నాలుగు సాళ్లు మందు లేకుండ ఇడిచిపెట్టుండ్రి. మామూలు పురుగు కూడ బతకాలె. అది గట్టిదానితోని కలిస్తే ఆ గట్టితనం పల్చబడ్తది."

"పురుగును బతకనియ్యాలెనా!" నాయన లేచి పంచె దులుపుకున్నాడు. "నా చేన్ల పురుగుకు పెండ్లి చెయ్యమంటున్నవు. జర ప్రార్థన చేసుకో సారూ."

సారు ప్రార్థనా చేశాడు, ఇంకో పనీ చేశాడు. ఆయన అత్తగారి ఊరు అచ్చంపేట దాటాక అడవి అంచున ఉంది. అక్కడ కందిచేలకు ఎవరూ ఎప్పుడూ మందు కొట్టలేదు. ఆ కంది మీదా ఇదే పచ్చపురుగు ఉంటుంది. ఆదివారం వెళ్లి ఒక డబ్బా నిండా తెచ్చాడు. ఇంకో డబ్బా మా చేలోంచి నన్ను ఏరుకు రమ్మన్నాడు. ఈ పురుగులను ఒకచోట ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో గది కావాలి. నేను ఖాసీం మామ చాయ్ హోటల్‌కు వెళ్లి ఖాళీ అగ్గిపెట్టెలు అడిగాను.

"ఎన్ని కావాలె బిడ్డా?"

"నలభై."

"నలభై! ఊరు కాలబెడ్తవా ఏంది?"

"పురుగులకు మామా. ఒక్కోదానికి ఒక్కో పెట్టె."

"అరె వారీ! నాకు ఇల్లు లేక హోటల్ల పంటున్న, పురుగులకు ఇండ్లొచ్చినయి!" అని నవ్వి, బీడీలు కాల్చుకునే వాళ్లందరి జేబులూ వెతికించి సంచి నింపి ఇచ్చాడు.

పెట్టెలకు సూదితో బెజ్జాలు పెట్టాం. మా చేను పెట్టెల మీద 'మా' అని, అడవి అంచువాటి మీద 'అ' అని నేనే రాశాను. మందు మా ఇంట్లోని డబ్బాలోదే, నీళ్లు కలిశాయని నాయన అన్నదే. నేనే సీసాలో పోసి తెచ్చాను. సారు ఒకే గిన్నెలో, ఒకే మోతాదులో కలిపాడు. పత్తి ఆకులను అందులో ముంచి ఆరబెట్టి, ముక్కలు కోసి, పెట్టెకు ఒకటి పెట్టాడు. రెండు రోజులు బడి బీరువా మీద ఉంచాం. ఆ రెండు రోజులూ నేను ఏం తిన్నానో నాకు గుర్తులేదు. అడవి అంచు పురుగులు కూడా చావొద్దని ప్రార్థన చేశాను. రెండు రకాలూ బతికితే మందులో నీళ్లున్నట్టే, నాయన మాట నిలబడుతుంది.

మూడోరోజు బడి వదిలాక సారు ఒక్కో పెట్టె తెరిచి చెబుతుంటే నేను నోట్‌బుక్కు కాగితం మీద గీతలు గీసి రాశాను. అడవి అంచు పురుగులు ఇరవైలో పద్దెనిమిది నల్లబడి ముడుచుకుపోయాయి. మా చేనువి ఇరవైలో మూడే చచ్చాయి. మిగతావి ఆకు తినేసి, పెట్టె మూలలు కొరుకుతున్నాయి. సారు సంతోషపడలేదు. చివరి పెట్టె మూసి, "మీ నాయనకు ఎట్ల చెప్దాం బిడ్డా?" అన్నాడు, నన్నే సలహా అడుగుతున్నట్టు.

చెప్పాల్సిన పని రాలేదు. సంగతి ఖాసీం మామ హోటల్లో పాకి, అక్కడి నుంచి గుడికి వచ్చింది. ఆ ఆదివారం ఆరాధన తర్వాత ఎవరినీ ఇంటికి వెళ్లొద్దన్నారు. సారును ముందుకు పిలిచారు. లోకసంబంధమైన బోధ చేస్తున్నాడని, పెద్దకు దేవుడు బయలుపరిచిన మాటను అబద్ధం చేశాడని అభియోగం. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, మెత్తటి మనిషి. తేల్చలేక నాయన వైపు చూశాడు. నాయన నన్ను చూపించాడు. "మా సుగుణ ఆయన పక్కనే ఉండె. దాన్నే అడుగుండ్రి."

లేచి నిలబడ్డాను. ఆడవాళ్ల వైపు చాప మీద అమ్మ ఒక చేత్తో ఇంకో చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

"బిడ్డా, దేవుని ఎదుట నిలబడ్డవు" అన్నాడు అయ్యగారు. "రెండు తీర్ల పురుగులకు ఒకటే మందు పెట్టిండా సారు?"

నాయన నా వైపు చూడటం లేదు. తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకుని, దాని అంచు మడత పెడుతున్నాడు. ఆ వేళ్లు కూడా సన్నగా వణుకుతున్నాయని అప్పుడే చూశాను. నేను నిజం చెబితే ఆయనకు దేవుడు ఏమీ చెప్పలేదని తేలుతుంది. ఇరవైమందిని తీసుకెళ్లి ఒక అమాయకుణ్ని బజారులో నిలబెట్టాడని తేలుతుంది.

"లేదు" అన్నాను. "రెండు సీసలు ఉండె. నేను చూసిన."

గుడిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు. సారు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. గుండె మీద చెయ్యి వేసుకుంటున్నాడనుకున్నాను. కాసేపు అక్కడే ఉంచి, కిందికి దించాడు.

"నువ్వేమంటవు జయరాజూ?" అన్నాడు అయ్యగారు.

"బిడ్డ చెప్పినంక నేను చెప్పేదేముంది అయ్యగారూ."

ఆ రోజు సారును ప్రభు బల్ల నుంచి తప్పించారు. తప్పు ఒప్పుకునేదాకా రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. రెండు నెలలకు ఆయన బదిలీ చేయించుకుని అచ్చంపేట వైపు వెళ్లిపోయాడు. మా పత్తి ఆ ఏడు పుల్లలుగానే మిగిలింది. నాయన ఆ పుల్లలనే పొయ్యిలోకి పెడుతూ, "కల్తీ మందు ఇంత పని చేసింది" అనేవాడు. పొయ్యి ముందు కూర్చుని నేను ఊఁ కొట్టేదాన్ని.

ఇది రాస్తున్నది విశ్వాసం వదులుకున్న మనిషి కాదు. ఆకాశాన్నీ భూమినీ చేసినవాడు ఉన్నాడని నాకు అప్పటికన్నా ఇప్పుడు గట్టిగా తెలుసు. ఆయన ఒక్కసారి చేసి చేతులు దులుపుకున్నాడా, లేక తరతరాల జల్లెడలోంచి ఇంకా చేస్తూనే ఉన్నాడా అన్నది నాకు చిక్కుముడి కాదు. పురుగు మారినందువల్ల ఆయన చిన్నవాడు కాలేదు. ఆయనను చిన్నవాణ్ని చేసింది మా గంజి. పేజీలు తెరిస్తే పడిపోయే దేవుడనుకున్నాం, అందుకే అతికించాం. ఆయన పేరు చెప్పి అబద్ధమాడిన పిల్లను మెచ్చుకుని, నిజం చెప్పినవాణ్ని ఆయన బల్ల నుంచి లేపేశాం. ఆ సాయంత్రం నాయన నాకు తెలకపల్లి నుంచి జిలేబీ తెచ్చాడు. తిన్నాను.

ఇప్పుడు అతికింపు లేదు. పిల్లలు ఫోన్లలో అన్నీ చూస్తున్నారు, ఎన్నని అతికిస్తారు? నాయన పోయాక ఏలియా సంఘపెద్ద అయ్యాడు. పత్తీ వాడే పెడుతున్నాడు. పురుగును తట్టుకునే కొత్త విత్తనం వచ్చింది కదా, కొన్నేళ్లు పురుగు మాటే లేదు. ఆ విత్తనం డబ్బాలో ఇంకో చిన్న పొట్లం ఉండేది. అది మామూలు విత్తనం. చేను చుట్టూ నాలుగు సాళ్లు వేయమని దాని మీద రాసి ఉండేది, మామూలు పురుగు కూడా బతకాలని. అది చదివినప్పుడు మా చేను గట్టు మీద కూర్చున్న సారు గొంతు నాకు వినిపించింది. ఏలియా ఆ పొట్లాలను ఏనాడూ విప్పలేదు. పశువుల కొట్టంలో దూలం మీద పడేశాడు. ఊరంతా అంతే. ఇప్పుడు కాయలోపల గులాబీరంగు పురుగు. పోయిన ఏడు వాడు గద్వాల దాకా వెళ్లి విత్తనాలవాళ్లతో కొట్లాడి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, నాయన గొంతుతోనే, "కల్తీ విత్తనం అక్కా" అన్నాడు.

పోయిన నెల అచ్చంపేటలో, పరామర్శకు వెళ్లిన నన్ను సారు భార్య శాంతమ్మక్క చూడగానే గుర్తుపట్టింది. చాయ్ పెట్టింది. ఆ ఇంట్లో ఎక్కడా ఫిర్యాదు కనిపించలేదు. గోడకు వచనాల క్యాలెండరు, మూలన సారు హార్మోనియం. నేను ఏడుస్తూ ఏదో మొదలుపెడితే ఆపింది.

"ప్రతి ఆదివారం గుడికి పోయేటోడు" అంది. "వెనక బెంచీ. రొట్టె పళ్లెం వస్తే పక్కాయనకు అందించేటోడు. ఈడి అయ్యగారు ఎన్నిసార్లు తీసుకోమన్నడో. 'మా సంఘం నన్ను తప్పించింది, మా సంఘమే ఉత్తరం ఇయ్యాలె. అప్పటిదాంక తీసుకోను' అనేటోడు. మొండి మనిషి. నీకు తెల్వదా?"

"ఎన్నేండ్లక్కా?"

"నువ్వు లెక్కవెట్టుకో. నేను పెట్టుకోలే."

లోపలికి వెళ్లి ఆయన బైబిలు తెచ్చి, అట్టలోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టింది. నోట్‌బుక్కు కాగితం. స్కేలు లేకుండా గీసిన వంకర గీతలు. ఒక పక్క 'మా', ఒక పక్క 'అ'. కింద నా గుండ్రటి రాతతో, 'మందు ఒకటే. గిన్నె ఒకటే. లెక్క రాసినది సుగుణ.' సంతకం కూడా పెట్టాను, అప్పుడే సంతకం నేర్చుకున్న మురిపెంతో.

"ఆ దినం గిది జేబులనే ఉండె" అంది శాంతమ్మక్క. "ఇంటికొచ్చినంక నేను కొట్లాడిన, ఎందుకు చూపియ్యలేవని. 'చూపిస్తే పిల్ల దొంగయితది శాంతా. మనకైతే ఇంకో ఊరు దొరుకుతది. ఆ పిల్ల ఆ ఇంట్లనే ఉండాలె కద' అన్నడు."

పోయిన ఆదివారం మా గుడిలో బల్ల ఆచరించే రోజు. అంతకుముందు రాత్రి ఏలియాకు కాగితం చూపించి అంతా చెప్పాను. సారు నిర్దోషి అని సంఘం తరపున ఉత్తరం రాయమన్నాను.

"చచ్చిపోయినాయనకు ఉత్తరమేందక్కా? ఎవరికిస్తవు?" అన్నాడు.

"శాంతమ్మక్కకు ఇస్త."

"నాయన పేరు పోతది. ఇప్పుడు నలుగురు మనల్ని ఏమంటరు? పాత ముచ్చట, ఇడిచిపెట్టు."

ఆదివారం పళ్లెం ఆడవాళ్ల వరసలోకి వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ వరసలో మొదట తీసుకునేది నేనే. నేను తీసుకున్నాకే మిగతావాళ్లు చెయ్యి చాపుతారు. పళ్లెం అందుకుని, పక్కనున్న ఆమె చేతికి ఇచ్చాను. ఆమె తీసుకోకుండా నా ముఖంలోకి చూసింది. ముందు నుంచి ఏలియా కూడా చూస్తున్నాడు. "ఒంట్లో బాగలేదా అక్కా?" అని మైకులోనే అడిగాడు.

"బాగనే ఉన్న" అన్నాను, అందరికీ వినపడేలా. "ఉత్తరం కోసం చూస్తున్న."